ద్వేషానికి యజమాని ఎవరు?

మన సభల్లో ఈమధ్య ఒక మాట తరచు వినవస్తున్నది. యువకులు చెడిపోయారు, సెల్‌ఫోను చెడగొట్టింది - ఇదీ ఆ మాట. అనేవారిలో పెన్షను పుచ్చుకుంటున్న పెద్దలున్నారు, నాతోటి అధ్యాపకులున్నారు, నిన్నటిదాకా చారిత్రక భౌతికవాదం మీద గంటల తరబడి ఉపన్యాసాలిచ్చినవారూ వున్నారు. సమాజంలో వచ్చే ఏ మార్పుకైనా ఉత్పత్తి సంబంధాల్లో కారణం వెదకాలని మనకు నేర్పినవారే, తమ మనవడు పక్కింటి ముస్లిం కుటుంబం మీద విషం కక్కేసరికి, ఆ కారణాన్ని అరచేతిలో పట్టేంత డబ్బాలో వెదికి తృప్తిపడుతున్నారు.

దీనికి సరిగ్గా ఎదురుగా మరొక మాట వున్నది. ఇది కుర్ర కార్యకర్తల మాట. పరికరం పరికరమే, కత్తితో కూరలు తరగవచ్చు, పీక కోయవచ్చు. వాళ్లు వాడుకున్నారు, మనం వాడుకోలేదు. వాళ్లు రోజుకు వంద పోస్టులు పెడితే మనం రెండువందలు పెట్టాలి. వినడానికి ఉత్సాహంగానే వుంటుంది.

రెండు వాదాలూ తప్పని నా అభిప్రాయం. రెండోది మన ఇంట్లో పుట్టినది గనుక ఎక్కువ ప్రమాదకరమని కూడా నా అభిప్రాయం.

ముందు ఒక మాట సంగతి తేల్చుకోవాలి. 'తీవ్రవాదం' అన్న మాటను మన పోలీసు స్టేషన్లూ దినపత్రికలూ ఎవరిమీద ప్రయోగిస్తూ వచ్చాయో మనకు తెలుసు. భూమి కావాలన్నవాడు తీవ్రవాది. కూలిరేటు పెంచమన్నవాడు తీవ్రవాది. చచ్చిపోయిన కొడుకు శవాన్ని అప్పగించమన్న తల్లి కూడా తీవ్రవాదే. కాబట్టి ఆ మాటను నేను పోలీసులకే వదిలేస్తున్నాను. ఒక రాజకీయం ఎంతదూరం పోతుందన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. ఎదుటి మనిషిని మనిషిగా లెక్కిస్తుందా లేదా అన్నదే ప్రశ్న. ఫలానా మతంలోనో ఫలానా కులంలోనో పుట్టినందుకే ఒక సమూహాన్ని మొత్తంగా అవమానించవచ్చు, తరిమేయవచ్చు, చంపవచ్చు అని నమ్మే దానిని నేను ఉన్మాదం అంటాను. యువకుల్లో ఈ ఉన్మాదం పెరుగుతున్నదన్నది వాస్తవం. ఎవరికోసం పెరుగుతున్నదో చూద్దాం.

2021 జులైలో ఒక యాప్ బయటపడింది. ఎనభైమందికి పైగా ముస్లిం స్త్రీల ఫోటోలను వాళ్లకు తెలియకుండా తీసుకొని, వాళ్లు అమ్మకానికి వున్నట్టు చూపించింది. సాఫ్ట్‌వేరు వాళ్లు తమ పనిని దాచుకొనే గిట్‌హబ్ అనేచోట దాన్ని పెట్టారు. ఆరు నెలలు తిరక్కుండానే, 2022 జనవరి ఒకటోతేదీన, అలాంటిదే ఇంకొకటి వచ్చింది. ఈసారి నూరుమందికి పైగా. వారిలో పత్రికారచయిత్రులున్నారు, విద్యార్థి ఉద్యమాల్లో పనిచేసినవారున్నారు, కనపడకుండాపోయిన కొడుకుకోసం ఏళ్ల తరబడి తిరుగుతున్న ఒక తల్లి వున్నది, మన హైదరాబాద్‌లో అరవై దాటిన ఒక సామాజిక కార్యకర్త వున్నది. అమ్మకం లేదు, కొనుగోలు లేదు. అవమానించడమే సరుకు.

ఈ రెండు కేసుల్లో పోలీసులు అరెస్టు చేసినవారి వయస్సులు చూడండి. పద్ధెనిమిదేళ్ల అమ్మాయి ఒకతె. ఇరవై, ఇరవైయొక్కటి దాటని ఇంజనీరింగు విద్యార్థులు. అందరిలోకి పెద్దవాడికి కూడా ముప్ఫై లోపే. వీరిలో ఎవరిది ఎంత నేరమో తేల్చవలసింది న్యాయస్థానం, నేను కాదు. కాని వీరు ఊరి రౌడీలు కారు, ఏ నాయకుడి జీతగాళ్లో అన్న దాఖలా లేదు. ఆనాడు పత్రికలు రాసిన దాన్నిబట్టి వీరు మెలగిన గుంపులకు పాలక పక్షం అభిమానులే మెత్తని మనుషులుగా, వేళాకోళానికి తగినవారుగా కనిపించారు. ఆ గుంపుల్లో వాడుకలో వున్న భాష వేళాకోళం. బొమ్మ, బొమ్మ కింద వెకిలి వ్యాఖ్య, దానికి మరొకరి ఇంకా వెకిలి వ్యాఖ్య. తమాషాగా మొదలవుతుంది. నిన్నటి తమాషా ఈరోజుకు చప్పబడుతుంది గనుక ఈరోజు ఇంకొంచెం ముందుకు పోవాలి. తెలుగు పాఠం చెప్పుకొనే నాబోటివాడికి తిట్టుకవిత్వం కొత్తకాదు. మనవాళ్లు తిట్టుకు కూడా ఛందస్సు కట్టారు. అయితే ఆ తిట్టే కవి ఎదుట తిట్టు తినేవాడు నిలబడివుండేవాడు. తిరిగి తిట్టేవాడు, లేదా కర్ర తీసేవాడు. ఇక్కడ ఆ ఎదుటి ముఖం లేదు.

ఇక నా సొంత అనుభవం. నాలుగేళ్ల కిందట మా కళాశాలలో నాకొక విద్యార్థి వుండేవాడు. తండ్రి ఆటో తోలేవాడు, తల్లి పొగాకు గ్రేడింగుకు కూలికి పోయేది. కుర్రవాడికి పద్యం సహజంగా వచ్చేది. ఆటవెలది అలవోకగా చెప్పేవాడు, సీసం మాత్రం కష్టపడి కట్టేవాడు. పొగాకు వాసన వదలని తల్లి చేతుల మీద అతడు రాసిన నాలుగు పద్యాలను నేను తరగతిలో చదివి వినిపించాను. యతి ఒకచోట తప్పింది, చూసుకొమ్మన్నాను. అంతే. అంతకు మించి నేను చేసింది లేదు.

రెండో ఏడాది చివర మా పట్టణంలో మసీదు మైకు గురించి గొడవ లేచింది. పెద్ద గొడవ కాదు, రెండు రోజుల్లో సర్దుకున్నది. ఆ రెండు రోజుల్లో ఈ కుర్రవాడు ఒక సీసం రాశాడు. దాన్ని కాషాయం రంగు బొమ్మ మీద అచ్చు వేసి ఎవరో పంచారు. నేనెరిగినంతలో అతడు యతి ఒక్కచోటా తప్పకుండా రాసిన మొదటి సీసం అదే. అర్థం మాత్రం ఇక్కడ రాయదగినది కాదు. మర్నాడు స్టాఫ్‌రూముకు పిలిపించాను. తలవంచుకొని వస్తాడనుకున్నాను. నిటారుగా వచ్చాడు.

"సార్, మీరు ఏడాదిన్నరగా నా పద్యాలు చదువుతున్నారు. బాగున్నాయన్నారు. ఎక్కడన్నా వేయించారా?" అన్నాడు. "అమ్మ మీద రాసినవి నేనే ఫేస్‌బుక్‌లో పెట్టాను సార్. పంతొమ్మిది లైకులొచ్చాయి. అందులో ఒకటి మీదే. దీన్ని ఒక్క రాత్రిలో పదకొండువేలమంది చూశారు. తెలియని ఊళ్లనుంచి ఫోన్లు చేసి గురూగారూ అంటున్నారు."

నాకు జవాబు తోచలేదు. ఏదో నీతి చెప్పి పంపాను. అదే తరగతిలో, అతడికి రెండు బల్లల ముందు కూర్చునే ముస్లిం అమ్మాయి వారం రోజులు కాలేజీకి రాలేదు. వచ్చాక చివరి వరుసలో, కిటికీ పక్కన కూర్చున్నది. ఏమ్మా అక్కడ కూర్చున్నావంటే, గాలి బాగా వస్తుంది సార్ అన్నది. డిగ్రీ అయ్యేదాకా ఆ బల్ల మారలేదు.

ఆ పిల్లవాడు పుట్టుకతో మతోన్మాది కాడు. సెల్‌ఫోను వాడికి మతోన్మాదం సూదిమందులా ఎక్కించనూ లేదు. ఆ గొడవ వుంది, ఆ గొడవను ఎగదోసిన మనుషులున్నారు, వాడి ఇంట్లో దరిద్రం వుంది, వాడి విద్యకు ఎక్కడా గిరాకీ లేకుండా వుంది. ఫోను చేసిన పని ఒక్కటే: వాడి చేతిలో వున్న రెండు రకాల పద్యాల్లో దేనికి ఎంత కూలి ముడుతుందో అంకెల్లో చూపించింది. తల్లి చేతులకు పంతొమ్మిది, పొరుగువాడి మీది ద్వేషానికి పదకొండువేలు. ఇరవై ఏళ్ల కవికి ఇంతకంటె స్పష్టంగా పాఠం చెప్పగల విమర్శకుడు తెలుగుదేశంలో ఎవరున్నారు?

ఆ కూలిరేటు నిర్ణయించింది ఎవరు? మన పెద్దలూ అడగరు, మన కుర్రవాళ్లూ అడగరు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాం, వాట్సాప్ మూడూ ఒకే కంపెనీ సొత్తు. 2023లో ఆ కంపెనీ రాబడి సుమారు 13,490 కోట్ల డాలర్లు. అందులో నూటికి 97 పాళ్లకు పైగా ప్రకటనల మీద వచ్చినదే. ప్రకటనదారుడికి అది అమ్మేది మన చూపును. మన చూపు ఎంతసేపు ఆ తెర మీద నిలిస్తే అంత సరుకు. అందుకని ఏ రాత ముందు కనపడాలి, ఏది వెనక్కు పోవాలి అన్న వరుసను ఒక లెక్క నిర్ణయిస్తుంది. ఆ లెక్కకు మతం లేదు, కులం లేదు. మనిషిని కదలనీయకుండా కూర్చోబెట్టేది ఏదైతే దానికి సమ్మతమే. 2017లో ఫేస్‌బుక్ ఆ లెక్కలో ప్రేమ, నవ్వు, దుఃఖం, కోపం వగైరా గుర్తులకు మామూలు లైకుకంటె అయిదు రెట్ల విలువ కట్టింది. కోపం గుర్తు ఎక్కువగా పడే రాతల్లో అబద్ధమూ విషమూ పాలు ఎక్కువని 2019లో ఆ కంపెనీ ఉద్యోగులే తేల్చారు. కోపం గుర్తు విలువను సున్న చేసింది మాత్రం 2020 సెప్టెంబరులో. అంతకు ముందే, 2016లో, అక్కడి పరిశోధకురాలొకరు జర్మనీలోని రాజకీయ గ్రూపులను పరిశీలించి, ఉన్మాద గ్రూపుల్లో చేరినవాళ్లలో 64 శాతం మంది కంపెనీ తానుగా చేసిన సిఫార్సు వల్లే చేరారని పైవాళ్లకు చెప్పింది. ఫలానా వారు మీకు నచ్చవచ్చునని యంత్రమే చెయ్యి పట్టుకొని తీసుకుపోయిందన్నమాట.

మన దేశం సంగతి కూడా ఆ కాగితాల్లో వుంది. 2019 ఫిబ్రవరిలో ఒక ఉద్యోగి కేరళలో వుంటున్న మనిషి పేరిట ఖాతా తెరచి, యంత్రం చూపమన్నవన్నీ చూస్తూ, చేరమన్నవాటిలో చేరుతూ పోయాడు. మూడు వారాలయ్యేసరికి, మధ్యలో పుల్వామా సంఘటన కూడా జరగడంతో, తెర నిండా ద్వేషం, అబద్ధం, శవాల బొమ్మలు. అతడు ఒక్కరితోనూ స్నేహం చేయలేదు, ఒక్క మాటా వెదకలేదు. 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగిని బయటపెట్టిన కాగితాల్లో ఇదొకటి. అబద్ధపు ప్రచారాన్ని గుర్తించడానికి కేటాయించిన వ్యయంలో 87 శాతం అమెరికా ఒక్కదానికే పోయిందని ఆ కాగితాలే చెబుతున్నాయి. ఆ లెక్క అసంపూర్ణమని కంపెనీ అన్నది. పూర్తి లెక్క ఇవ్వమంటే మాత్రం నోరు విప్పదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాను మంచినీళ్లకంటె చవక చేసిందని మనం సంతోషించాం. 2020 ఏప్రిల్‌లో ఆ జియో సంస్థలో 43,574 కోట్ల రూపాయలు పెట్టి దాదాపు పదోవంతు వాటా కొన్నది ఎవరో తెలుసునుకదా? ఫేస్‌బుకే. నీళ్లు అమ్మేవాడూ కాలవ తవ్వేవాడూ ఒకటైనారు.

ఇక్కడ నన్ను ఆపి, ఇదంతా అతిశయోక్తి అనే పండితులున్నారు. వారి చేతిలో సాక్ష్యం కూడా వున్నది, దాన్ని దాచడం న్యాయం కాదు. 2020 అమెరికా ఎన్నికల సమయంలో కొన్ని వేలమందికి ఫేస్‌బుక్ లెక్క తీసేసి, రాతలను కాలక్రమంలో చూపించారు. మూడు నెలల తర్వాత చూస్తే వారి రాజకీయ అభిప్రాయాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదని 2023లో ప్రకటించారు. యూట్యూబ్ మీద జరిగిన మరొక పరిశోధన, ఉన్మాద చానళ్లను చూసేవారిలో ఎక్కువమంది అంతకుముందే ద్వేషం నిండినవారేనని చెప్పింది. నేను దీన్ని కాదనను. మూడు నెలల్లో సగటు పెద్దమనిషి మారకపోవచ్చు. సగటు మనిషి ఎన్నడూ యాప్ చేసి ఆడవాళ్లను వేలం వేయడు. ఆ పని చేసేవాళ్లు కొద్దిమంది. ఒక ఊళ్లో ఒకడు, ఇంకో ఊళ్లో ఒకడు, ఒకరినొకరు ఎరగనివాళ్లు. బెంగుళూరులో ఒకడినీ అస్సాంలో ఒకడినీ ఉత్తరాఖండ్‌లో ఒకతెనూ ఒక్క గదిలోకి చేర్చడం పాతకాలంలో ఏ సంస్థకైనా ఏళ్ల పని. అందుకే ద్వేషం ముందే వుందన్న సాక్ష్యం నా వాదాన్ని దెబ్బతీయదు.

నిజానికి ఆ మాట ఎక్కువగా గుర్తుంచుకోవలసింది మనమే. 1985 జులైలో కారంచేడులో ఆరుగురు దళితులను చంపినవాళ్ల చేతుల్లో సెల్‌ఫోన్లు లేవు. 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిదిమందిని నరికినవాళ్లకు ఫేస్‌బుక్ ఏ సిఫార్సూ చేయలేదు. భూమీ, కులగర్వమూ చాలినాయి. ఫోనుకు పూర్వం తెలుగుదేశం శాంతినికేతనంగా వుండేదని నమ్మేవారికి ఈ రెండు ఊళ్ల పేర్లు చాలు. పాత ద్వేషానికి కొత్త వ్యాపారం దొరికింది, అదీ మార్పు. కారంచేడు తర్వాత ఆ హంతకులను బహిరంగంగా మెచ్చుకోవడానికి చాలామంది సంకోచించారు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ణి, గర్భవతి అయిన భార్య కళ్లెదుట, పట్టపగలు నరికించినప్పుడు ఆ సంకోచం ఏమైంది? చంపించిన తండ్రిని మెచ్చుకుంటూ వేలాది వ్యాఖ్యలు. రాసినవారిలో చాలామంది కుర్రవాళ్లు, పక్కన తమ పేరూ కులం పేరూ గర్వంగా పెట్టుకున్నవాళ్లు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఆ కేసులో ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ వ్యాఖ్యలు రాసినవారికి ఏ కోర్టూ లేదు, వాటి మీద ప్రకటనలు అమ్ముకున్నవారికి అసలే లేదు.

మన కుర్రవాడు ఈ బడిలో మొదట నేర్చేది మతద్వేషం కాదన్న సంగతి కూడా మన సంఘాల్లో తక్కువమంది గమనించారు. వాడి మొదటి శత్రువు ఎదుటి హీరో అభిమాని. సినిమా విడుదలైన రోజు వసూళ్ల మీద తగాదా. ఆ తగాదాలో హీరో కులం వస్తుంది. కులం వెంట పార్టీ వస్తుంది. పార్టీ వెంట ఎదుటి పార్టీ నాయకుడి ఇంట్లో ఆడవాళ్ల మీద బూతు వస్తుంది. పదిహేనేళ్లకు మొదలైన చదువు పద్ధెనిమిదికి పూర్తవుతుంది. అప్పటికి వాడికి ఓటు వస్తుంది. ఏ కులాన్ని తిట్టాలో తెలిసిన చెయ్యికి రేపు ఏ మతాన్ని తిట్టమంటే అది తిట్టడం ఎంతసేపు?

ఆ పదిహేనుకూ పద్ధెనిమిదికీ మధ్య మనం వాణ్ణి ఎక్కడ వుంచాం? కార్పొరేటు జూనియరు కాలేజీ హాస్టల్లో. తెల్లవారకముందే లేపి, రాత్రి పదిదాకా బిట్లు చేయించి, తెలుగు వదిలించి మార్కులకోసం సంస్కృతం పట్టించి, ఆటస్థలం లేని అపార్టుమెంట్లలో పెంచాం. తర్వాత డిగ్రీకో ఇంజనీరింగుకో వచ్చాడు. అక్కడ రాజకీయం నిషిద్ధం. ఉమ్మడి రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలను 1980 దశకం చివర ఆపివేశారు. హింస జరుగుతున్నదన్నారు. జరిగిన మాట అబద్ధం కాదు. కాని కేంద్రీయ విశ్వవిద్యాలయాల వంటి ఒకటి రెండు చోట్ల తప్ప, మూడున్నర దశాబ్దాలుగా మన విద్యార్థికి ఎదుటివాడి ముఖం చూస్తూ వాదించి, ఓడి, మర్నాడు అదే క్యాంటీన్లో అదే బల్ల దగ్గర టీ తాగే అవకాశం లేదు. తరగతిలో రాజకీయం మాట్లాడితే అధ్యాపకుడికి మెమో. గోడ మీద కాగితం అంటిస్తే విద్యార్థికి జరిమానా. రాజకీయాన్ని కాలేజీ గేటు బయటికి గెంటినవారే ఇప్పుడు, అది పిల్లవాడి దుప్పటి కింద, రాత్రి రెండుగంటలకు, ఫోను వెలుగులో దొరికిందని ఆశ్చర్యపోతున్నారు!

ఫోను లాక్కోవడం, నెట్టు కట్టేయడం తప్ప వీరికి మరో మందు తెలియదు. 2018 నుంచి 2023 దాకా వరుసగా ఆరేళ్లు ప్రపంచంలోకెల్లా ఎక్కువసార్లు ఇంటర్నెట్ ఆపిన దేశం మనదే. కాశ్మీరులో 2019 ఆగస్టునుంచి ఏడాదిన్నరపాటు వేగమైన నెట్టు లేకుండా చేశారు. ఉన్మాదం తగ్గిందా? విద్యార్థులు పరీక్ష ఫారాలు నింపడానికి ఊళ్లు దాటవలసి వచ్చింది, అంతే. ఆస్ట్రేలియా 2025 డిసెంబరునుంచి పదహారేళ్లలోపు పిల్లలకు ఈ ఖాతాలు లేకుండా చట్టం చేసింది. పసిపిల్లల మాట వేరు, దాన్ని నేను తప్పుపట్టను. పదిహేడో ఏట తలుపు తీసి అదే అంగట్లోకి పంపితే మాత్రం ఒరిగేదేమిటి?

ఇక మన కుర్ర మిత్రుల దగ్గరికి వస్తాను. రోజుకు రెండువందల పోస్టులు పెడదామంటున్న మిత్రులారా, మీరు కత్తి అనుకుంటున్నది కత్తి కాదు, అది మిల్లు. మిల్లులో ఎవరు నేసినా గుడ్డ యజమానిదే. మీ పోస్టు పక్కన కూడా వాడు ప్రకటన అమ్ముకుంటాడు. మీ పోస్టు కూడా ఆ లెక్క ప్రకారమే ముందుకో వెనక్కో పోతుంది. ఆ లెక్కకు ఏది ఇష్టమో మీరూ నేర్చుకుంటారు. నేర్చుకున్నారు కూడా. గత సంవత్సరం మన శిబిరంలోని ఒక వృద్ధ రచయిత, మనవారి నవల ఒకదానిలో స్త్రీపాత్రల చిత్రణ బాగాలేదని నాలుగు పేజీల వ్యాసం రాస్తే ఏం జరిగింది? వ్యాసం చదివినవారు నాకు తెలిసినంతలో పదిమంది లేరు. అందులోంచి ఒక వాక్యం ఫోటో తీసి పెట్టగానే, తెల్లారేసరికి ఆయన ద్రోహి, అమ్ముడుపోయినవాడు, ముసలి నక్క. ఆ మాటలు రాసినవారిలో నా విద్యార్థులున్నారు, మంచి పిల్లలు. వాళ్లను అడిగితే, అవతలివాళ్లు మనల్ని అంతకంటె ఘోరంగా తిడుతున్నారు కదా సార్ అన్నారు. నా సీసపద్యం కుర్రవాడికీ వీరికీ రాజకీయంలో ఆకాశానికీ భూమికీ వున్నంత తేడా వుంది, దాన్ని నేను ఒక్క క్షణం మరవను. ఒకడు బలహీనుణ్ణి తొక్కేవాడి పక్షాన వున్నాడు, వీళ్లు తొక్కబడేవాడి పక్షాన. కాని ఇద్దరూ రాత్రివేళ ఒకే అంకెను చూసుకొని నిద్రపోతున్నారు. అదే నా భయం.

నేపాల్ మాట ఏమిటని అడుగుతారు. అడగవలసిందే. 2025 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం ఇరవైయారు సామాజిక మాధ్యమాలను మూసేస్తే, అవినీతి మీద అప్పటికే మండుతున్న యువకులు వీధుల్లోకి వచ్చారు. మొదటిరోజే పంతొమ్మిదిమంది పోలీసు కాల్పులకు బలైనారు, మొత్తం చనిపోయినవారు డెబ్బైమందికి పైగా. ప్రధాని రాజీనామా చేశాడు. తాత్కాలిక ప్రధానిగా సుశీలా కార్కీ పేరును కుర్రవాళ్లు డిస్కార్డ్ అనే ముచ్చట్ల వేదికలో ఓటు వేసి ముందుకు తెచ్చారు. ఆ పిల్లల ధైర్యాన్ని తక్కువచేసే హక్కు నాకు లేదు. ఫోను ద్వారా కబురు పోయింది, నిజమే. మంత్రుల బిడ్డల విలాసాలు ఫోనులోనే కనిపించాయి. కాని ప్రభుత్వాన్ని కూల్చింది వీధిలోకి వచ్చిన కాళ్లు. వచ్చినవారి వెనుక వుద్యోగాలు లేక గల్ఫుకూ మలేసియాకూ పోయిన ఒక తరం బాధ వున్నది. కబురు పంపుకోవద్దని నేనెక్కడా అనలేదు. నేనూ వాట్సాప్ వాడుతున్నాను, ఈ వ్యాసం సంపాదకులకు దాని ద్వారానే పంపాను. సభకు పిలవడానికి తప్పెట వాయించుకోవచ్చు. సభ మొత్తం తప్పెట వాయిస్తూ కూర్చోవడం వేరు.

2018 మే నెలలో తెలంగాణ పల్లెల్లో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచాయి. భాష తెలియని బిచ్చగాళ్లనూ దారిన పోయేవారినీ ఊరంతా చేరి కొట్టారు, ప్రాణాలు పోయాయి. వాట్సాప్ కంపెనీ జులైలో మేలుకొని ఒక్కసారికి అయిదుగురికి మించి ఫార్వర్డు చేయకుండా కట్టడి పెట్టింది. అంతకుముందే జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి ఏం చేసిందో చూడండి. కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపి రచ్చబండల దగ్గర జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించింది. డప్పు పట్టించి, జానపద కళాకారులచేత పుకార్ల మీద పాటలు కట్టించి పాడించింది. చదివి నేను సిగ్గుపడ్డాను. ఆ పని మనది కదా? 'మాభూమి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించవలసివచ్చినంత బలంగా ఊరూరా ఆడినవారి వారసులమని ప్రతి సభలో చెప్పుకుంటాం. బుర్రకథ దళాల ఫోటోలు గోడలకు తగిలించుకుంటాం. ఎదురుగా కూర్చున్న జనం ముఖాలు చూసి మాట్లాడే విద్య మనది. దాన్ని పోలీసులు వాడుకున్నారు. మనం మాత్రం ఆ పుకార్లను ఖండిస్తూ ఫేస్‌బుక్‌లో ప్రకటన పెట్టాం. నేనూ సంతకం చేశాను.

అడగవలసినవి అడగాలి. ఏ రాత ఎందుకు ముందుకొస్తున్నదో ఆ లెక్కను బయటపెట్టమని అడగాలి. యూరప్ దేశాలు 2022లో చేసిన చట్టం, మనిషి ఇష్టాయిష్టాలు కూపీ తీయకుండా రాతలను చూపే పద్ధతిని కూడా పెద్ద కంపెనీలు విధిగా అందించాలన్నది. పరిశోధకులకు లెక్కలు చూపాలన్నది. అమెరికా కంపెనీ పారిస్ కుర్రవాడికి ఇవ్వగలిగింది పామర్రు కుర్రవాడికి ఎందుకు ఇవ్వదు? కాలేజీల్లో ఎన్నికలు తిరిగి పెట్టమని అడగాలి, తన్నుకుంటారన్న భయం వున్నా సరే. ఎదురెదురుగా తన్నుకున్నవారు రాజీపడిన సందర్భాలు నేను చూశాను.

నా సీసపద్యం విద్యార్థి డిగ్రీ పూర్తిచేసి జిల్లా కేంద్రంలో ఒక రాజకీయ పక్షం ఆఫీసులో నెల జీతం మీద పోస్టులు రాస్తున్నాడు. ఏ పక్షమన్నది అప్రస్తుతం; కిందటి ఎన్నికల్లో ఒకరికి రాశాడు, ఇప్పుడు వారి ప్రత్యర్థులకు రాస్తున్నాడు. బస్టాండులో కనపడితే నమస్కారం పెట్టి, పద్యాలు మానేశాను సార్, వాటికి టైము పడుతుంది అన్నాడు. అమ్మ ఎలా వుందన్నాను. గ్రేడింగుకే పోతున్నదట.

ఈ ఏడు జులైలో మా తెలుగు శాఖ పక్కన గోడపత్రిక తిరిగి మొదలుపెట్టాం. ప్రిన్సిపాలుగారు మతం, కులం, రాజకీయం వుండకూడదన్నారు. సరేనని అన్నీ వేస్తున్నాం. మొదటి మూడు వారాలు ఎవరూ చదవలేదు. నాలుగో వారం రెండో సంవత్సరం కుర్రవాడొకడు, నేను తరగతిలో హిందూమతాన్ని కించపరుస్తున్నానని నా మీదనే నాలుగు పద్యాలు రాసి తెచ్చి, వేస్తారా అని అడిగాడు. కింద నీ పేరు పెట్టమన్నాను. కాస్త తటపటాయించి పెట్టాడు. అంటించాం. ఆ మధ్యాహ్నం గోడ దగ్గర ముప్ఫైమంది దాకా పోగయినారు. మూడో పద్యం రెండో పాదంలో యతి తప్పిందని ఒక అమ్మాయి చూపించింది. తప్పలేదని వాడు వాదించాడు. అది అఖండ యతి, చెల్లుతుందంటాడు. నిఘంటువూ లక్షణ గ్రంథమూ పట్టుకొని రేపు వస్తానన్నాడు.